జ్ఞాపకశక్తియు మన చేలలోని మూలికలును

చదువుకొను బిడ్డకు పాఠము మనసున నిలువవలెనని కోరని తల్లియు, ముదిసిన తండ్రికి మతిమఱుపు రాకుండవలెనని కోరని కొడుకును మన గ్రామములలో నుండరు. ఈ కోరిక యెంత సహజమైనదో, దీనిని ఆధారముగా జేసికొని సాగు వ్యాపారమును అంత విస్తారమైనది. పరీక్షల దినములు సమీపించినంతనే జ్ఞాపకశక్తిని వృద్ధిచేయునని చీటి యంటించిన సీసాలును మాత్రలును అంగళ్లలో నెదుట నిలుచును. ఆ సీసాలలోనుండు మూలికలు చాలవఱకు దూరదేశపువి కావు. కొన్ని మన కాలువ గట్లమీద దామే మొలచును. కొన్నిటిని మనమే దున్ని విత్తి పండించి విక్రయించుచున్నాము. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల రైతు ఈ సరకును కొనువాడును తానే, అమ్మువాడును తానే. కావున వీనియందు నిజమైన గుణమెంత, వట్టిమాట యెంత, అపాయమెంత యను సంగతి మన సభ్యు లెఱిగియుండుట మేలు.

జ్ఞాపకమన నేమి?

మనుష్యుని మెదడులో సుమారు 8,600 కోట్ల నరకణములు గలవు. ఒక్కొక్క కణము వేలకొలది యితర కణములతో సంబంధము గలిగియుండును. క్రొత్త విషయమును నేర్చుకొన్నప్పుడు క్రొత్త కణము పుట్టుట ముఖ్యము కాదు. ఉన్న కణముల నడుమనుండు సంబంధము బలపడుటయే ముఖ్యము. బీడుభూమిలో ఒకసారి నడచిన జాడ మఱునాటికి గానరాదు. పది దినములు నడచిన కాలిబాట యేర్పడును. నడచుట మానినచో గడ్డి మొలచి బాట మాసిపోవును. నేర్చుటయు మఱచుటయు నిట్టివే.

ఒక కణమునకును మఱియొక కణమునకును నడుమ మిక్కిలి సన్నని యెడము గలదు. ఆ యెడమును దాటి వార్తను జేరవేయుటకు కొన్ని రసాయన పదార్థములు పనిచేయును. వానిలో అసిటైల్ కోలీను అనునది నేర్పునకును జ్ఞాపకమునకును ముఖ్యమైనది. నరములు రసాయన పదార్థముద్వారా వార్తను బంపునని ఆటో లోవీ అను శాస్త్రజ్ఞుడు 1921వ సంవత్సరమున కప్పల గుండెలపై ప్రయోగము చేసి చూపెను; 1936లో హెన్రీ డేల్ గారితో గూడ నోబెల్ బహుమానము నందెను. వార్త చేరిన పిదప ఈ పదార్థమును వెంటనే విఱిచి తొలగించుటకు శరీరములో మఱియొక పదార్థము గలదు. మడికి నీరు పెట్టిన పిదప మడవ మూసినట్లే, ఇదియు నవసరమైన పనియే.

ఈ రెండు మాటలు జ్ఞాపకమందుంచుకొన్నచో మూలికల సంగతి సులభముగా బోధపడును. మన చేనిగట్లమీద మొలచు ఉమ్మెత్తను జూడుడు. దానిలోని స్కోపోలమిన్ అను పదార్థము అసిటైల్ కోలీను తెచ్చిన వార్తను కణము అందుకొనకుండ అడ్డుపడును. అందుచేతనే ఉమ్మెత్త తిన్నవాడు తానెవరో, ఎచ్చట నున్నాడో తెలియక వెఱ్ఱిమాటలాడును, ప్రాణహానియు గలుగవచ్చును. శాస్త్రజ్ఞులు ఎలుకలకు ఈ స్కోపోలమిన్ నిచ్చి మఱపు గలిగించి, పిదప ఏ మూలిక ఆ మఱపును దీర్చునో పరీక్షింతురు. ఇందుకు విరుద్ధముగా, ఐరోపా ఖండమున బెరుగు కొన్ని గడ్డపూల మొక్కలలోని గాలంటమిన్ అనునది అసిటైల్ కోలీను త్వరగా విఱిగిపోకుండ నాపును. వార్ధక్యమున వచ్చు ఆల్జైమర్ వ్యాధికి ఇది వైద్యులు వ్రాసియిచ్చు మందుగా 2001 నుండి అమెరికాదేశమున అంగీకరింపబడినది. ఆ వ్యాధిని ఇది మాన్పజాలదు. కొంతకాలము లక్షణములను తగ్గించును. కాబట్టి మొక్కలలోని పదార్థములు జ్ఞాపకమును చెఱుపగలవు, కొంతవఱకు నిలుపనుగలవు అనుట కల్పన కాదు. ఏ మొక్క, ఎంత మోతాదు, ఎవరికి అనునదే ప్రశ్న.

సరస్వతి ఆకు: ఒక పేరు, రెండు మొక్కలు

చరకసంహితయందు మేధ్యరసాయనములని నాలుగు చెప్పబడినవి: మండూకపర్ణి రసము, పాలతో అతిమధురపు చూర్ణము, తిప్పతీగ రసము, శంఖపుష్పి కల్కము. బ్రహ్మియు మేధకు మంచిదని ఆయుర్వేదమున బ్రసిద్ధి. మన ప్రజలు మండూకపర్ణిని సరస్వతి ఆకు అందురు. కొందఱు బ్రహ్మినిగూడ ఆ పేరుతోనే పిలుతురు. ఇచ్చటనే చిక్కు పుట్టుచున్నది.

మండూకపర్ణి నేలబ్రాకును, ఆకు గుండ్రనై, కాడవద్ద చీలి, అంచున నొక్కులు గలిగియుండును. బ్రహ్మి, అనగా నీటి సాంబ్రాణి, చిన్నవియు దళసరివియునగు ఆకులు గలిగి, తెల్లని లేక లేత ఊదారంగు పూవులు పూయును. ఆకు మిక్కిలి చేదు. రెండును తడినేలలలో, వరిమళ్ల గట్లమీద, కాలువల యొడ్డున బెరుగును. రెండును వేర్వేఱు కుటుంబములకు జెందిన మొక్కలు. వానిలోని పదార్థములును వేఱు.

బ్రహ్మిలోని బాకోసైడులు అను పదార్థములను లక్నో నగరమందలి కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థవారు 1960వ దశకమున వేఱుచేసి పరిశీలించిరి. బ్రహ్మి నిచ్చిన ఎలుకలు క్రొత్త పనిని త్వరగా నేర్చి, ఎక్కువకాలము జ్ఞాపకముంచుకొన్నవని 1982లో ఆ సంస్థవారే ప్రకటించిరి. తరువాత ఆస్ట్రేలియాదేశమున మనుష్యులపై బరీక్షలు జరిగినవి. ఈ పరీక్షల పద్ధతిని రైతు సులభముగా గ్రహింపగలడు. ఒకే చేనిలో సగమునకు ఎరువు వేసి, సగమునకు వేయక, పంటను దూచి చూచినట్లే, కొందఱికి మందును, కొందఱికి మందువలె గానవచ్చు ఉత్తమాత్రను ఇత్తురు. ఎవరికేది ఇచ్చిరో పుచ్చుకొనువారికిగాని పరీక్షించువారికిగాని తెలియనీయరు. లేనిచో "మందు పుచ్చుకొంటిని" అను నమ్మకమే గుణముగా దోచును.

2001లో 46 మందిపై జరిగిన పరీక్షయందు దినమునకు 300 మిల్లీగ్రాముల బ్రహ్మిసారము పుచ్చుకొన్నవారు 12 వారముల పిదప నేర్పునందు కొంత మెఱుగు చూపిరి. 2002లో 40 మొదలు 65 ఏండ్లలోపు వయసుగల 76 మందిపై జరిగిన పరీక్షలో నేర్చుకొను వేగము హెచ్చలేదుగాని, నేర్చిన దానిని మఱచుట తగ్గినది. 2008లో అమెరికాదేశమున 65 ఏండ్లు దాటిన 54 మందిపై జరిగిన పరీక్షయందును, విన్న మాటలను కొంతసేపటికి మరల జెప్పుటలో లాభము కనబడినది. ఇట్టి 9 పరీక్షలను, అనగా 518 మంది ఫలితములను 2014లో ఒక్కచో గూర్చి చూడగా, ముఖ్యముగా దృష్టిని నిలిపి త్వరగా గ్రహించు శక్తి కొంత హెచ్చుచున్నదని తేలెను.

ఈ యంకెలలో మూడు సంగతులు గమనింపదగినవి. మొదటిది, ఫలము వారముల తరబడి వాడిన పిదప వచ్చినదేకాని పరీక్షకు ముందునాటి రాత్రి మ్రింగినందున వచ్చినది కాదు. రెండవది, ఈ పరీక్షలు పెద్దవారిపై జరిగినవి. వీనినిబట్టి చిన్నపిల్లలకు మోతాదు నిర్ణయింపరాదు. మూడవది, బ్రహ్మి పుచ్చుకొన్నవారిలో కొందఱికి వికారము, కడుపునొప్పి, విరేచనములు గలిగినవి.

మఱి మండూకపర్ణి మాట యేమి? 2017లో దానిపై జరిగిన 11 పరీక్షలను గూర్చి చూచినవారు, చుఱుకుదనమును మనఃస్థితియు కొంత బాగుపడవచ్చునుగాని జ్ఞాపకము మొదలగు బుద్ధిశక్తులయందు స్పష్టమైన భేదము గానరాలేదని వ్రాసిరి. కావున ఒక మొక్కకు వచ్చిన కీర్తిని జూపి మఱియొక మొక్కను అమ్ముట సరికాదు. పాశ్చాత్యదేశములలో జ్ఞాపకమునకు బ్రసిద్ధిగన్న గింకో ఆకునకును ఇట్టి పరీక్షయే యెదురయ్యెను. 3,069 మంది వృద్ధులకు సుమారు ఆఱేండ్లు ఇచ్చి చూడగా, మతిభ్రంశ వ్యాధి రాకుండ నది ఆపజాలదని 2008లో తేలెను.

బ్రహ్మిని గూర్చి మఱియొక హెచ్చరిక. ఈ మొక్క తాను నిలిచిన నీటిలోని సీసము, కాడ్మియము వంటి విషలోహములను పీల్చుకొని తనలో నిలువచేసికొనును. పట్టణపు మురుగునీరు కలియు కాలువలలో మొలచిన ఆకును గోసి వాడరాదు, అమ్మరాదు.

పసుపు: మన పంట, మన బాధ్యత

ప్రొద్దుటూరు, మైదుకూరు ప్రాంతములు పసుపుపంటకు బేరుగన్నవి. మైదుకూరు పేరనే ఒక పసుపు రకము గలదు. పసుపునకు వర్ణమిచ్చు కుర్కుమిన్ అను పదార్థమును 1815లో ఫ్రాన్సుదేశమున మొదట వేఱుచేసిరి. దాని నిర్మాణము 1910లో తెలిసినది. ఎలుకల మెదడున వాపును తగ్గించి జ్ఞాపకమును గాపాడునని పెక్కు ప్రయోగములు చెప్పుచున్నవి. మనుష్యుల విషయమున ఫలితములు మిశ్రమముగా నున్నవి. ఆల్జైమర్ వ్యాధిగల 36 మందికి 24 వారములు ఇచ్చి చూడగా లాభము గలుగలేదని 2012లో ప్రకటింపబడెను. వ్యాధిలేని 40 మంది పెద్దలకు సులభముగా జీర్ణించు రూపమున దినమునకు రెండుసార్లు 90 మిల్లీగ్రాముల చొప్పున 18 నెలలు ఇచ్చినప్పుడు జ్ఞాపకము మెఱుగుపడినదని 2018లో అమెరికాదేశమున లాస్ ఏంజెలెస్ నగరపు విశ్వవిద్యాలయమువారు తెలిపిరి. నలువదిమంది లెక్క చిన్నది. దానిపై పెద్దమేడ కట్టరాదు.

కుర్కుమిన్ లోని ముఖ్యదోషము, అది రక్తమున సరిగా గలియకపోవుట. మిరియాలలోని పైపరిన్ అను పదార్థమును 20 మిల్లీగ్రాములు చేర్చినచో అది మనుష్యుల రక్తమున సుమారు 20 రెట్లు హెచ్చుగా గలియునని బెంగుళూరు సెయింట్ జాన్స్ వైద్యకళాశాలవారు 1998లో జూపిరి. పసుపును మిరియములును వేసిన పాలను మన పెద్దలు జలుబునకు వాడుచుండిరి. అయినను పప్పులో వేయు చిటికెడు పసుపులోని కుర్కుమిన్ స్వల్పము. పసుపు మంచి ఆహారద్రవ్యము. అది పాఠము చదువని వానికి పాఠము చెప్పదు.

పసుపు బుద్ధిని బెంచునో లేదో యింకను విచారణలో నున్నది. కాని కల్తీపసుపు బుద్ధిని జెఱుచుననుటకు సందేహము లేదు. కొమ్ములకు మెఱుగు పట్టునప్పుడు మంచి వన్నె రావలెనని కొందఱు వర్తకులు లెడ్ క్రోమేటు అను పచ్చని రంగును గలుపుదురు. ఇది సీసముతో జేసిన పదార్థము. సీసము పిల్లల మెదడులో జేరి నరకణముల సంబంధములు బలపడకుండ జేయును. నేర్చుకొను శక్తి తగ్గును. తగ్గినది మరల రాదు. ఇంతవఱకు భయము లేదని చెప్పదగిన సీసపు పరిమాణ మేదియు లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. తల్లి తన బిడ్డకు మేలగునని పాలలో గలుపు పసుపే యా బిడ్డ చదువునకు గండముగా పరిణమించుట కంటె ఘోర మేమున్నది?

ఈ కీడు మాన్పరానిది కాదు. బంగ్లాదేశమున 2019లో మార్కెట్టు పసుపు మచ్చులలో నూటికి 47 వంతులలో సీసము కనబడెను. ప్రభుత్వమును శాస్త్రజ్ఞులును గలిసి వర్తకులకు బోధించి, తప్పుచేసినవారిని శిక్షించి, అంగళ్లను పరీక్షింపగా 2021 నాటికి ఆ లెక్క సున్నకు దిగెను. అనగా రెండేండ్ల పని. ఇంటియందు చేయదగిన సులభపరీక్ష యొకటి గలదు. గ్లాసు నీటిలో పసుపుకొమ్మును వేసి చూడుడు. మంచికొమ్ము వెంటనే రంగు విడువదు. రంగు పూసిన కొమ్ము వెంటనే నీటిని పచ్చగా జేయును. ఈ పరీక్షలో సందేహము తోచిన సరకును ప్రయోగశాలకు బంపవలెను. సభ్యులు తమ పసుపును మెఱుగు పట్టించునప్పుడు ఏ రంగును కలుపరాదని స్పష్టముగా జెప్పి, దగ్గఱ నిలిచి చేయించుకొనవలెను.

పెన్నేరుగడ్డయు వసకొమ్మును

రాయలసీమ మెట్టభూములలో కొందఱు రైతులు అశ్వగంధను, అనగా పెన్నేరుగడ్డను సాగుచేయుచున్నారు. తక్కువ వానతో, తేలికనేలలలో సుమారు అయిదాఱు నెలలకు వేళ్లు త్రవ్వుటకు వచ్చును. స్వల్పముగా మతిమఱుపుగల 50 మందికి 300 మిల్లీగ్రాముల వేరుసారము దినమునకు రెండుసార్లు 8 వారములు ఇచ్చినప్పుడు జ్ఞాపకము కొంత మెఱుగుపడినదని 2017లో ప్రకటింపబడినది. ఇదియు చిన్నపరీక్షయే. మఱియు ఈ మూలిక వాడిన కొందఱికి కాలేయము చెడినట్లు వైద్యపత్రికలలో వచ్చినది. 2023లో డెన్మార్కుదేశము దీనిని నిషేధించెను. గర్భిణీస్త్రీలు దీనిని వాడరాదు. మందునకు వాడవలసినది వేరుగాని ఆకు కాదని భారత ప్రభుత్వ ఆయుష్ మంత్రిత్వశాఖ 2021లో హెచ్చరించినది. కావున పండించువారు వేళ్లలో ఆకును కాడను గలుపక, బాగుగా ఎండబెట్టి, వేఱుగా నమ్మవలెను. విత్తుటకు ముందే కొనువారెవరో తెలిసికొనవలెను. ఒంటరిరైతు బేరము కంటె సంఘముగా జేసిన బేరము బలమైనది.

ఇక వస. మాటలు త్వరగా వచ్చునని పసిబిడ్డ నాలుకకు వసకొమ్మును అరగదీసి రాయుట మన యిండ్లలో బహుకాలపు ఆచారము. ఊరక మాటలాడువానిని వసపిట్ట యనుటయు ఈ నమ్మకమును సూచించును. ప్రేమతో జేయు పనియే యైనను దీనిని మానుట మంచిది. మనదేశపు వసలోని తైలమున అధికభాగము బీటా అసరోన్ అను పదార్థము. ఇది ఎలుకలలో పుట్టకురుపులు గలిగించినది. అందుచేత అమెరికాదేశమున 1968లోనే వసను ఆహారమున గలుపుట నిషేధించిరి. ఆఱు నెలలు నిండువఱకు శిశువునకు తల్లిపాలుతప్ప మఱేమియు నవసరము లేదు. బిడ్డకు మాటలు వచ్చునది ఇంటివారు ముచ్చటించుటవలన. రెండేండ్లు వచ్చినను మాట రానిచో చెవి వినబడుచున్నదా యని వైద్యునిచేత పరీక్ష చేయింపవలెను. ఆ పరీక్షను మాని వసతో కాలము బుచ్చుటవలన విలువైన దినములు వ్యర్థమగును.

మందుకొట్టు పనియు మతియు

మనకు మిక్కిలి సమీపముననున్న మఱియొక సంగతి చెప్పక విడువరాదు. ప్రత్తికిని కాయగూరలకును చల్లు పురుగుమందులలో ఆర్గానోఫాస్ఫేటులను తరగతి గలదు. గాలంటమిన్ ఎక్కడ పనిచేయునో ఇవియు నచ్చటనే పనిచేయును. అసిటైల్ కోలీను విఱుగకుండ నాపును. మందు కొలతతో మెల్లగా చేయుపనిని విషము కొలతలేక బలముగా జేయును. పురుగు చచ్చుట యిందువలననే. మందుకొట్టువానికి కంటిపాప కుంచించుట, చొంగ కాఱుట, వణకు, తలత్రిప్పుట గలుగుటయు నిందువలననే. ఏండ్ల తరబడి దీనికి లోనైనవారిలో జ్ఞాపకమును దృష్టియు తగ్గుటను పరిశోధకులు గమనించిరి. గాలికెదురుగా కొట్టకుండుట, చేతికి ముక్కునకు కప్పు వేసికొనుట, పనియైనంతనే స్నానము చేసి బట్టలు వేఱుగా ఉతుకుట, పిల్లలను ఆ పనికి బంపకుండుట, ఇవి ఏ సీసాలోని మందుకన్నను మతిని కాపాడునవి.

బిడ్డల చదువు విషయమున నిశ్చయముగా ఫలమిచ్చునవి వెలతక్కువవే. ఉప్పులో అయొడిను చాలనిచో పిల్లల బుద్ధి యెదుగుదల మందగించును. కావున అయొడిను కలిపిన ఉప్పునే కొని మూతపెట్టి యుంచవలెను. రక్తహీనతగల బిడ్డకు పాఠముమీద దృష్టి నిలువదు. ఆకుకూరలు, పప్పులు, నిమ్మ ఉసిరికల పులుపు, పాఠశాలలోనిచ్చు ఇనుపమాత్రలు నులిపురుగుల మాత్రలు దీనికి సాయపడును. నిద్రలోనే పగటిపాఠము మెదడున స్థిరపడును. రాత్రియంతయు మేల్కొలిపి చదివించుట విత్తిన గింజను మరల త్రవ్వి చూచుటవంటిది.

ముదుసలివారి మతిమఱుపు క్రొత్తగా హెచ్చినచో మూలికలతో ఆరంభింపక మొదట వైద్యునికి జూపవలెను. థైరాయిడు లోపము, బి12 జీవసత్త్వపు లోపము, నిద్రమాత్రలు మొదలగువానివలన గలుగు మఱపు తగిన చికిత్సచే గుదురుట గలదు. ఇతర మందులు వాడుచున్నవారు మూలికల సంగతియు వైద్యునికి జెప్పవలెను. మిరియాలసారము వంటివి ఇతర మందుల బలమును హెచ్చించును.

సభ్యులారా, మన మూలికలు వట్టివి కావు, మంత్రములును కావు. బ్రహ్మికి కొంత సాక్ష్యము గలదు, పసుపునకు ఆశ గలదు, పెన్నేరుగడ్డకు పరిశీలన యింకను కావలెను, వసకు నిషేధము తగును. ఉన్న గుణమును ఉన్నంతవఱకే చెప్పి, శుభ్రమైన సరకును, రంగు కలుపని పసుపును, గుర్తు తప్పని ఆకును మన సంఘముద్వారా బజారున నిలిపినచో కొనువాడు మనలను నమ్మును, ధరయు నిలుచును. అన్నింటికంటె మిన్నగా, మన చేతిమీదుగా వెళ్లిన పసుపు ఏ యూరి బిడ్డ చదువునకును చెఱుపు చేయలేదను తృప్తి మనకు దక్కును.